చేతులు చూపించాకే

మా సూర్యం బాబాయి కుడిచేతి వేళ్ళు నలిగిపోయిన సంగతి మా బంధువులందరికీ తెలుసు. ఎలా నలిగాయో కూడా తెలుసుననే అనుకుంటారు. ఆ కథ వాళ్ళకి చెప్పింది నేనే. పెళ్ళిళ్ళలో, తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్ భోజనాల్లో, ఒకసారి కార్‌లో మా ఆవిడకి, ఎవరు అడిగినా అదే వరసలో చెప్పాను: రిఫైనరీ, పెద్ద ఫ్లాంజ్, హైడ్రాలిక్ రెంచ్, రెప్పపాటు ఏమరుపాటు. ఎవరి ఏమరుపాటో వినేవాళ్ళే ఊహించుకునేవాళ్ళు. నేను అడ్డుపడేవాణ్ణి కాదు. ఆ రోజు నా నడుముకి, పనిలో తొడుక్కునే కవరాల్ లోపల, ఒక పేజర్ ఉందన్న సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఈ వసంతంలో అమెరికా తూర్పు కొసనున్న షాంటిలీ నుంచి మా చెల్లెలు శ్రావ్య ఫోన్ చేసింది. శ్రావ్య బాబాయి కూతురు. దానికి పాప పుట్టి నెలలు గడుస్తున్నాయి. బాబాయీ పిన్నీ ఇప్పుడు దాని దగ్గరే ఉంటున్నారు.

"అన్నయ్యా, నువ్వు ఒకసారి వస్తావా? నాన్న పాపని ఎత్తుకోడు. లైక్, అస్సలు."

"పసిపిల్ల కదా, భయమేమోనే."

"భయం కాదు. పాప పడుకుంటే పక్కనే కూర్చుంటాడు. పాటలు పాడతాడు. చేతికి ఇస్తే మాత్రం లేచి వెళ్ళిపోతాడు. 'నా చేతుల్ని నమ్మకమ్మా' అంటాడు. వాట్ డజ్ దట్ ఈవెన్ మీన్?"

దాని అర్థం నాకు తెలుసు. శ్రావ్యతో మాత్రం చూద్దాంలే అన్నాను. ఫోన్ పెట్టేసి, సియాటిల్ పక్కన బాతెల్‌లో మా ఇంటి వెనక చెక్కల డెక్ మీద వానలో తడుస్తున్న కుర్చీల కేసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత టికెట్ బుక్ చేశాను.

చదువు పూర్తయిన కొత్తలో నేను ఉన్నది బాబాయి ఇంట్లోనే. హ్యూస్టన్ పక్కన పాసడీనాలో, రిఫైనరీ చిమ్నీలు వంటింటి కిటికీలోంచి కనిపించే ఒంటి అంతస్తు ఇల్లు. గాలి అటునుంచి వీస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన, ఇటునుంచి వీస్తే పిన్ని పోపు వాసన. బాబాయి ఒక బోల్టింగ్ కంపెనీలో ఫీల్డ్ సూపర్‌వైజర్. విశాఖపట్నంలో డిప్లొమా చేసి, గల్ఫ్ దేశాల్లో రిఫైనరీలన్నీ తిరిగి, అక్కణ్ణుంచి టెక్సస్ చేరినవాడు. నాకు మెకానికల్‌లో మాస్టర్స్ అయితే ఉంది గానీ ఉద్యోగం లేదు. బాబాయి తన కంపెనీలో చెప్పి చేర్పించాడు, వాళ్ళే నాకు వీసా చేశారు. నా క్లాస్‌మేట్లందరూ అప్పటికే కోడింగ్ నేర్చుకుని న్యూజెర్సీ దారి పట్టారు. వాళ్ళు ఫోన్ చేసి, "ఏం బావా, ఇంకా నట్లు బిగిస్తున్నావా?" అని ఏడిపించేవాళ్ళు. నవ్వేసేవాణ్ణి. ఆ రాత్రి అన్నం సహించేది కాదు.

బాబాయి పనినుంచి వచ్చీ రాగానే గరాజ్‌లో సింక్ దగ్గర ఆగేవాడు. బోల్టులకి పూసే నల్లటి మాలీ పేస్ట్ ఒకటుంటుంది. గోళ్ళ సందుల్లో, చేతి గీతల్లో దూరి ఓ పట్టాన వదలదు. అది వదలడానికి నారింజ వాసన వేసే గరుకు సబ్బు వాడేవాడు. మోచేతుల దాకా రుద్దుకుని, కడుక్కుని, అరచేతులు వాసన చూసుకుని, మళ్ళీ రుద్దుకునేవాడు. పొద్దున్న కూడా అంతే. పిన్ని ఆసుపత్రి ల్యాబ్‌లో ఉదయం షిఫ్ట్‌కి చీకటితోనే వెళ్ళిపోయేది. అందుకని శ్రావ్యకి జడ వేసి స్కూల్ బస్సు ఎక్కించే పని బాబాయిది. శుభ్రంగా ఉన్న చేతుల్నే ఇంకోసారి నారింజ సబ్బుతో కడుక్కుని, కొబ్బరినూనె అరచేతిలో వేసుకుని, దాన్ని స్టూల్ మీద కూర్చోబెట్టేవాడు. ఆ పిల్ల జుట్టు నడుం దాటి ఉండేది. బస్సు వెళ్ళిపోయాక కూడా వంటిల్లంతా కొబ్బరీ నారింజా కలిసిన ఒక వాసన మిగిలేది. ఇన్నేళ్ళయినా సూపర్‌మార్కెట్‌లో నారింజపళ్ళ దగ్గర నిలబడితే నాకు ఆ స్టూల్ గుర్తొస్తుంది.

"నాన్నా, టూ టైట్!" అని అరిచేది శ్రావ్య.

"ఇది మొదటి పాస్ తల్లీ. అప్పుడే టైట్ అంటే ఎలా? ఇంకా రెండున్నాయి."

"నేను ఫ్లాంజ్ కాదు!"

"ఫ్లాంజ్ అయితే ఇలా కదిలేదా?" అనేవాడు బాబాయి. మూడు పాయలూ ఒకే బిగువులో రావాలని, ఒకటి వదులై ఒకటి బిగిస్తే మధ్యాహ్నానికల్లా జడ ఒక పక్కకి తిరిగిపోతుందని దువ్వెన పళ్ళతో కరిచి పట్టుకునే, నాతో చెప్పేవాడు. పిన్ని వింటే వదిలేది కాదు. "ఈయన పులుసులో ఉప్పు కూడా చార్ట్ చూసి వేస్తాడు శేఖర్. కారు టైరు మార్చినా కొలత, పచ్చడి సీసా మూత పెట్టినా కొలత. నన్నెలా చేసుకున్నాడో ఏ కొలతా లేకుండా!"

"చేసుకున్నాకే కదా కొలతలు మొదలెట్టింది," అనేవాడు బాబాయి తలెత్తకుండా.

ఆ మాటలన్నిటి వెనకా ఆయన పనే ఉంది. దాని గురించి కాస్త చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. రిఫైనరీలో రెండు గొట్టాలు కలిసే చోట, లేదా పెద్ద పాత్రకి మూత పెట్టే చోట, గుండ్రంగా బోల్టులుంటాయి. బోల్టులు పట్టే ఆ అంచునే ఫ్లాంజ్ అంటారు. రెండు అంచుల మధ్యలో సందు మూసే గాస్కెట్. బోల్టుని బిగించడమంటే నిజానికి దాన్ని సాగదీయడమే. ఆ ఇనుము వెంట్రుకవాసి సాగి, మళ్ళీ ముడుచుకోవాలని చూస్తుంది. ఆ లాగుడే రెండు అంచుల్నీ దగ్గరగా నొక్కి పట్టుకుంటుంది. అన్ని బోల్టులూ ఒకే మోతాదులో లాగితే లోపలి నూనె, ఆవిరి లోపలే ఉంటాయి. ఒకటి తక్కువ లాగినా అక్కడే కారుతుంది, కారినచోట నిప్పంటుకుంటుంది. బాబాయి గల్ఫ్‌లో ఉన్న రోజుల్లో మందపాటి స్పానర్ ఒకడు పట్టుకుంటే ఇంకొకడు సమ్మెటతో బాదేవాడట. ఎంత బిగిసిందో బాదేవాడి భుజానికే తెలియాలి. పొద్దున బిగించిన బోల్టుకీ, అలిసిపోయాక సాయంత్రం బిగించిన బోల్టుకీ పొంతన ఉండేది కాదు. సమ్మెట జారి మోకాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళని ఆయన పేరుపేరునా చెప్పేవాడు.

హైడ్రాలిక్ రెంచ్ ఆ బాదుడంతా మాన్పించింది. చూడటానికి అది ఇటుకకంటే కొంచెం పెద్ద ఇనపముద్ద. పంపు నుంచి రెండు గొట్టాలు వస్తాయి. బటన్ నొక్కితే మొదటి గొట్టంలోంచి నూనె విపరీతమైన ఒత్తిడితో వచ్చి లోపలి పిస్టన్‌ని తోస్తుంది. పిస్టన్ ఒక పళ్ళచక్రాన్ని కొద్దిగా తిప్పుతుంది, చక్రంతోపాటు నట్టూ తిరుగుతుంది. బటన్ వదిలితే రెండో గొట్టంలోంచి నూనె వచ్చి పిస్టన్‌ని వెనక్కి లాగుతుంది, చక్రం టక్కుమంటుంది. నొక్కు, వదులు, టక్. నొక్కు, వదులు, టక్. పంపు మీద ఒత్తిడి ఎంత పెట్టాలో ముందే చార్ట్ చూసి పెట్టుకుంటాం. అంత బిగువు వచ్చాక నట్టు ఇక కదలదు. బలం మనిషిది కాదు కాబట్టి ఎవరు నొక్కినా ఒకటే, ఎప్పుడు నొక్కినా ఒకటే. నలుగురు రోజంతా బాదే ఫ్లాంజ్‌ని ఇద్దరు మధ్యాహ్న భోజనంలోపు ముగించేవాళ్ళు. ఎదురెదురు బోల్టుల్ని జతలుగా, ముందు కొంచెం, తర్వాత ఇంకొంచెం, చివరికి పూర్తిగా. శ్రావ్య జడలోని పాస్‌లు అవే. మొన్న సియాటిల్ నుంచి తూర్పుగా డ్రైవ్ చేసినప్పుడు కొండల మీద గాలిమరలు కనిపించాయి. వాటిని నిలబెట్టే బోల్టుల్నీ ఇలాంటి రెంచ్‌లతోనే బిగిస్తారు. నా పక్కన కూర్చున్న మా అబ్బాయికి ఇదంతా చెబుదామని నోరు తెరిచి, ఆ తర్వాతి కథ కూడా అడుగుతాడేమోనని మూసేసుకున్నాను.

ఆ రెంచ్‌కి ఒక చెయ్యి ఉంటుంది, రియాక్షన్ ఆర్మ్ అంటారు. నట్టుని ఒకవైపు తిప్పాలంటే రెంచ్ తాను రెండోవైపు తిరగకుండా దేనికో ఒకదానికి ఆనుకోవాలి. మామూలుగా పక్క నట్టుకి ఆనిస్తాం. నట్టు మీద ఎంత బలం పడుతుందో, ఆ ఆనిన చోటా అంత బలమూ పడుతుంది. మధ్యలో వేలుంటే ఇక చెప్పేదేముంది. అందుకే రెంచ్‌ని పెట్టినవాడి చేతిలోనే ఆ బటన్ ఉన్న రిమోట్ ఉండాలి. అది నియమం. కొన్ని ఇరుకు చోట్ల రెంచ్ మొయ్యడానికే రెండు చేతులూ కావాలి, అప్పుడు రిమోట్ రెండో మనిషికి ఇవ్వక తప్పేది కాదు. దానికి బాబాయి తనదంటూ ఒక పద్ధతి పెట్టాడు. రెంచ్ ఆనించి, రెండు చేతులూ బయటికి తీసి, అరచేతులు నాకేసి చూపిస్తాడు. అది చూశాకే నేను నొక్కాలి. పంపు హోరులో మాటలు వినపడవు గనక మాటలతో పని లేదు. "చేతులు చూపించాకే" అనేవాడు పొద్దున్నే ట్రక్‌లో. ఎర్ర లైటు దగ్గర కూడా ఓసారి స్టీరింగ్ వదిలేసి నాకు అరచేతులు చూపించి నవ్వాడు.

ఆ వారం నేను ఒక కన్సల్టెన్సీ వాళ్ళ పేజ్ కోసం ఎదురు చూస్తున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పేజ్ రాగానే తిరిగి ఫోన్ చేయకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని చెప్పారు. బాబాయికి ఈ సంగతి చెప్పలేదు. తన మాట మీద ఇచ్చిన ఉద్యోగాన్ని ఏడాది తిరక్కుండా వదిలేస్తానని ఆయన ముఖం చూసి చెప్పలేకపోయాను. యూనిట్ లోపలికి అలాంటివి తేకూడదు, ఒక్క నిప్పురవ్వ చాలు అక్కడ. గేటు దగ్గర పేజర్లూ లైటర్లూ ఇచ్చేసి వెళ్ళాలి. నేను సాక్స్‌లో దాచి తెచ్చి, లోపల నడుముకి పెట్టుకున్నాను.

మేము బిగిస్తున్నది నూనె వేడిని మార్చే హీట్ ఎక్స్‌చేంజర్ అనే ఒక పెద్ద పాత్ర మూత. ముందు వైపు అయిపోయింది. వెనక వైపు గోడకీ ఫ్లాంజ్‌కీ మధ్య బాబాయి ఒదిగి కూర్చున్నాడు. రెండు గొట్టాల సందులోంచి ఆయన చేతులు మాత్రమే నాకు కనిపించేవి. చేతులు కనబడతాయి, నొక్కుతాను, వదులుతాను, టక్. నట్టు నిలిచిపోగానే చెయ్యెత్తేవాణ్ణి, ఆయన రెంచ్‌ని తర్వాతి దానికి మార్చేవాడు. అలా సగం పైన అయ్యాయి. అప్పుడు నడుం దగ్గర పేజర్ వణికింది. తల వంచి, ఎడమచేత్తో కవరాల్ పక్కకి లాగి, నంబర్ చూశాను. కుడిచేతి బొటనవేలు ఆ లయకి అలవాటు పడిపోయి ఉంది. అది నొక్కింది.

బాబాయి కేక వెయ్యలేదు. పంపు హోరు మీదుగా, జడ వేసేటప్పటి గొంతుతోనే, "వదులు నాన్నా, బటన్ వదులు" అన్నాడు. ఆ మాట నాకెలా వినిపించిందో ఇప్పటికీ తెలియదు.

ఆసుపత్రికి తీసుకెళ్తున్నప్పుడు పక్కన నేనే ఉన్నాను. చేతికి గుడ్డ చుట్టారు. ముఖం పాలిపోయి ఉంది. ఆయనకి ఆ క్షణం గుర్తు లేదు. పైకప్పు కేసి చూస్తూ అడిగాడు: "శేఖరం, నేను చేతులు చూపించానా?"

వీసా, ఉద్యోగం, దాచి తెచ్చిన పేజర్, అన్నీ ఒకేసారి బుర్రలో తిరిగాయి. "చూపించావు బాబాయ్," అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "అయితే నేనే మళ్ళీ లోపల పెట్టానన్నమాట," అన్నాడు.

ఎంక్వయిరీలో ఆయన అదే చెప్పాడు, నన్ను అడిగితే అవునన్నాను. ఉంగరంవేలు సగం తీసేశారు, మధ్యవేలు కొయ్యలా మిగిలింది. ఆయన్ని ఫీల్డ్ నుంచి తప్పించి టూల్ రూమ్‌లో కూర్చోబెట్టారు. అక్కడ కూడా రెంచ్‌లు పరీక్షించే పని ఇంకొకరికి ఇమ్మని తనే అడిగాడని తర్వాత తెలిసింది. పిన్ని భయంతోనే కోప్పడేది: "లోకానికంతా జాగ్రత్తలు చెబుతావు, నీ చెయ్యి ఎక్కడుందో నీకు తెలియలేదా?" జడ వెయ్యడానికి ఒకసారి ప్రయత్నించాడు. పాయ జారిపోయింది. ఆ శనివారం శ్రావ్యని మాల్‌కి తీసుకెళ్ళి జుట్టు కత్తిరించుకురమ్మని తాళాలు నాకిచ్చాడు. అదేం ఏడవలేదు, తల అటూ ఇటూ ఊపుకుంటూ మురిసిపోయింది. ఇంటికొచ్చాక బాబాయి కూడా బాగుందన్నాడు. తర్వాత రిబ్బన్లన్నీ ఎడమచేత్తో ఒక్కొక్కటే చుట్టి సొరుగులో పెట్టాడు. ఆ పేజ్‌కి ఆసుపత్రి నుంచే తిరిగి ఫోన్ చేసి ఉన్నాను, కొద్ది రోజులకి న్యూజెర్సీ వెళ్ళిపోయాను. జెర్సీ సిటీలో అపార్ట్‌మెంట్, స్నేహితులు, రైల్లో ఆఫీస్. ఆ పేజ్‌తో మొదలైన జీవితమే ఇప్పటికీ నేను బతుకుతున్నది.

షాంటిలీలో శ్రావ్య ఇంటి వెనక డెక్ మీద, టీ చల్లారిపోతుండగా, బాబాయికి ఇదంతా చెప్పాను. అంతకుముందు గంటసేపు ఇప్పటి రెంచ్‌ల గురించి మాట్లాడాం. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితే గానీ కదలని రిమోట్‌లు వచ్చాయని నేను చెబితే, "మంచి పని" అని తలూపాడు. ఇంక ఆగలేకపోయాను.

ఆయన మొదట అడిగింది నేను ఊహించని మాట. "పేజర్ లోపలికి ఎలా తెచ్చావురా? గేటు దగ్గర తీసేసుకునేవాళ్ళు కదా."

"సాక్స్‌లో పెట్టుకుని."

"ఎవరు చేశారు పేజ్?"

"కన్సల్టెన్సీ వాళ్ళు."

"వచ్చిందా ఉద్యోగం?"

"వచ్చింది బాబాయ్."

లేచి మెట్లు దిగి గడ్డిలోకి వెళ్ళాడు. నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. కుడిచెయ్యి తెరుస్తూ మూస్తూ ఉండటం కనిపించింది. తిరిగొచ్చాక కూర్చోలేదు.

"టూల్ రూమ్‌లో కూర్చున్నన్నాళ్ళూ రోజూ ఆ నట్టు దగ్గరికి వెళ్ళొచ్చేవాణ్ణిరా. చేతులు తీశాను, చూపించాను, మళ్ళీ ఎందుకు పెట్టాను? అక్కడే ఆగిపోయేవాణ్ణి. నేనేదో లోపల పాడైపోయాననుకున్నాను. ఈ పాతికేళ్ళూ కారు తోలినా భయమే, కత్తిపీట పట్టినా భయమే." కుర్చీ అంచు పట్టుకుని నాకేసి తిరిగాడు. "నువ్వు నొక్కినందుకు కాదు. కుర్రాడివి, అటు చూశావు, అయిపోయింది. నేను అడిగాను కదా శేఖరం. నోరు తెరిచి అడిగాను."

నేను లేచి నిలబడ్డాను.

"లోపలికి రా. వాళ్ళ ముందు చెప్పు."

వంటింట్లో పిన్ని ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతోంది. శ్రావ్య పాపని భుజాన వేసుకుని తిరుగుతోంది. మా ముఖాలు చూసి పిన్ని, "ఏమైందిరా ఇద్దరికీ?" అంది. చెప్పాను. ఈసారి పేజర్ దగ్గర మొదలుపెట్టాను. పిన్ని చాకు కింద పెట్టి, స్టవ్ ఆపి, బాబాయి కేసి చూసింది. నన్ను తిట్టుంటే బాగుండేది. "ఎన్నెన్ని మాటలన్నాను నిన్ను," అంది ఆయనతో, అంతే.

"సో, నాన్న మిస్టేక్ కాదా?" అంది శ్రావ్య.

"కాదే."

బాబాయి సింక్ దగ్గరికి వెళ్ళాడు. ఆ నారింజ సబ్బు సీసా ఇప్పటికీ ఉంది ఆ ఇంట్లో, ఏ గ్రీజూ లేకపోయినా. మోచేతుల దాకా రుద్దుకుని, కడుక్కుని, తుడుచుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు నాకేసి తిప్పి చూపించాడు. సగం వేలూ, కొయ్యబారిన వేలూ, అన్నీ. శ్రావ్య పాపని ఆ చేతుల్లో పెట్టడానికి పక్కనే నిలబడింది. పాపని అందుకునేముందు, ఆసుపత్రి దారిలో అడిగినదానికి నా జవాబు కోసమే ఆగాడని అర్థమైంది.

"క్షమించు బాబాయ్," అన్నాను. "ఆ రోజు నువ్వు చేతులు చూపించలేదు."